పాత లాప్‌టాప్‌లో లైనక్స్ వేస్కోవడం ఎలా: మొదటిసారి చేసేవాళ్ళకి మొదటి నుంచి చివరిదాకా

మా అక్క వాళ్ళింట్లో 2013లో కొన్న లాప్‌టాప్ ఒకటుంది. ఇంటెల్ ఐ3 మూడో జనరేషన్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. ఆన్ చేస్తే విండోస్ 10 డెస్క్‌టాప్ వచ్చి మౌస్ మాట వినేసరికి ఆరేడు నిమిషాలు పట్టేది, బ్రౌజర్ తెరిస్తే ఇంకో రెండు నిమిషాలు. రిపేర్ షాపులో చూపిస్తే ఇది ఇంక పనికిరాదండీ, కొత్తది తీస్కోండి అన్నారంట. ఇప్పుడు అదే లాప్‌టాప్ మీద మా బావ స్కూల్ పనులు చేస్కుంటున్నారు, మా మేనకోడలు ఇంటర్ వీడియో క్లాసులు చూస్తోంది. దాంట్లో లైనక్స్ మింట్ వేశాను (లైనక్స్ అంటే విండోస్ బదులు వేస్కునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్, మింట్ దాంట్లో ఒక రకం), ఒక ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, పెట్టాను, అంతే.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచే ఒప్పుకుంటది. అంటే 2017 కంటే ముందు కొన్న మెషిన్లు మన ఇళ్ళల్లో ఎన్నున్నాయో అన్నీ బయటే. అవన్నీ బాగానే పనిచేసే మెషిన్లు, పాత సామాన్ల వాడికి కిలోల లెక్కన పోవాల్సినవి కాదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ఒక్క మాట ముందే చెప్తా. చాలామంది చేసే తప్పేంటంటే ఏదో వీడియో చూసి హుషారుగా పెన్‌డ్రైవ్ తయారుచేసి మొత్తం డిస్క్ చెరిపేసి లైనక్స్ వేసేస్తారు, వారం తర్వాత ఇంట్లో ఎవరికో ఏదో ఒక్క సాఫ్ట్‌వేర్ కావాల్సొస్తది, అది లైనక్స్‌లో ఉండదు, మళ్ళీ షాపుకెళ్ళి విండోస్ వేయించుకుంటారు, లైనక్స్ పనికిరాదు అని ఫిక్స్ అయిపోతారు. అసలు కష్టం ఇన్‌స్టాల్ చెయ్యడంలో లేదు, అది అరగంట పని. ఇన్‌స్టాల్‌కి ముందు చేసే పనిలో ఉంది.

1. ముందు కాగితం మీద పనులు రాయండి

ఆ కంప్యూటర్ మీద ఇంట్లో ఎవరెవరు ఏం చేస్తారో రాయండి. మీ ఒక్కరివే కాదు, అందరివీ. మా బావది రాస్తే ఇలా వచ్చింది: మెయిల్, స్కూల్ ఎడ్యుకేషన్ సైట్లలో వివరాలు ఎక్కించడం, ఎక్సెల్ షీట్లు, పీడీఎఫ్ ప్రింట్లు, అను ఫాంట్స్‌లో (విండోస్‌లోనే నడిచే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్) క్వశ్చన్ పేపర్ టైపింగ్. ఆ చివరిది రాయకపోతే నేను మొత్తం చెరిపేసేవాణ్ణి.

బ్రౌజర్‌లో జరిగే పనులన్నీ లైనక్స్‌లో జరుగుతాయి. బ్యాంకు, రైల్వే టికెట్లు, యూట్యూబ్, వాట్సాప్ వెబ్, ఎంట్రన్స్ అప్లికేషన్లు, దేనికీ ఇబ్బంది లేదు. వర్డ్, ఎక్సెల్ బదులు లిబ్రే ఆఫీస్ ఉంటది, ఇంటి పనులకి సరిపోద్ది. వీడియోలకి వీఎల్‌సీ ఎలాగూ ఉంది.

ఇబ్బంది పెట్టేవి ఇవి. ట్యాలీ విండోస్‌దే. పేజీలు డిజైన్ చేసే పేజ్‌మేకర్, అను ఫాంట్స్ టైప్ చేయించే అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్‌వే, కాబట్టి డీటీపీ పని మీద బతికే వాళ్ళు ఆ ఒక్క మెషిన్‌ని కదపకండి, నా సలహా అది. ఆధార్ వేలిముద్ర మెషిన్లు, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు వాడే సెంటర్ల వాళ్ళు కూడా అంతే, వాటి సాఫ్ట్‌వేర్ ఎక్కువగా విండోస్ చుట్టూనే ఉంటది. ఇక ప్రింటర్. హెచ్‌పీ ప్రింటర్లు చాలావరకు పెట్టగానే దొరుకుతాయి, మన ఆఫీసుల్లో ఎక్కడ చూసినా కనపడే కేనన్ ఎల్‌బీపీ 2900 మాత్రం అలా కాదు, దానికి విడిగా డ్రైవర్ వేస్కోవాలి, కొత్తవాళ్ళకి అది తలనొప్పే. మీ ఇంట్లో ఏ మోడల్ ఉందో చూసి ఆ పేరు పక్కన లైనక్స్ అని పెట్టి ఒకసారి వెతకండి.

2. మెషిన్‌లో ఏముందో చూడండి

విండోస్ ఇంకా ఆన్ అవుతుంటే విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన డబ్బాలో ఎంఎస్‌ఇన్‌ఫో32 అని ఇంగ్లీషులో కొట్టండి. ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎంత, బయోస్ (ఆన్ చెయ్యగానే మొదట నడిచే ప్రోగ్రామ్) మోడ్ పాత పద్ధతి లెగసీనా కొత్త పద్ధతి యూఈఎఫ్ఐనా అన్నీ ఒకే చోట కనపడతాయి. ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి, తర్వాత అవసరం పడుద్ది.

ఇక్కడ ఒక కన్ఫ్యూజన్ ఉంది. చాలా పాత మెషిన్లలో 32 బిట్ (పాత రకం, ఇప్పటివి 64 బిట్) విండోస్ 7 వేసి ఉంటది, అది చూసి అయ్యో నా కంప్యూటర్ 32 బిట్ అనుకుంటారు. అది విండోస్ సంగతి, ప్రాసెసర్ సంగతి కాదు. కోర్ 2 డ్యుయో, ఐ3, ఐ5 ఏవైనా 64 బిట్టే. నిజంగా 32 బిట్ మాత్రమే అయినవి అంటే పాత పెంటియం 4లు, 2008 టైమ్‌లో వచ్చిన చిన్న నెట్‌బుక్‌లలో ఉండే ఆటమ్ ఎన్270 లాంటివి. అలాంటిది మీ దగ్గరుంటే నిజం చెప్పాలంటే ఇంటర్నెట్ కోసం ఆశ పెట్టుకోవద్దు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 అనే లైనక్స్‌కి 32 బిట్ ఇన్‌స్టాలర్ లేదు, ఫైర్‌ఫాక్స్ కూడా 2025 చివర్లో 145 వెర్షన్‌తో 32 బిట్ లైనక్స్‌కి ఆపేసింది, క్రోమ్ అయితే 2016లోనే ఆపేసింది. యాంటీఎక్స్ అనే తేలికైన లైనక్స్ 23 వెర్షన్‌లో 32 బిట్‌ది ఉంది, అది వేసి పాటలకి, టైపింగ్‌కి వాడుకోవచ్చు.

మిగతా అందరికీ ర్యామ్‌ని బట్టి. 4 జీబీ ఉంటే లైనక్స్ మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ, రెండో ఆలోచన లేకుండా. 2 జీబీ ఉంటే లుబుంటు అనే ఇంకో తేలిక లైనక్స్ గానీ యాంటీఎక్స్ గానీ, కానీ అంతకంటే ముందు ఇంకో 2 జీబీ ర్యామ్ దొరుకుద్దేమో చూడండి, డీడీఆర్2నా డీడీఆర్3నా అన్నది కరెక్ట్‌గా చూస్కోండి, రెండూ ఒకదాంట్లో ఒకటి పట్టవు. హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్ళైతే సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది కదా, సీటీసీ అంటాం, పాత ర్యామ్‌లు, క్యాడీలు (ఏంటో కింద చెప్తా), అడాప్టర్లు అక్కడ కాకపోతే ఇంకెక్కడ దొరుకుతాయి. పాత ర్యామ్ పట్టుకెళ్ళి చూపించి అలాంటిదే అడగండి.

మింట్‌లో మూడు రకాలుంటాయి: సిన్నమన్, మాటే, ఎక్స్ఎఫ్‌సీఈ. లోపల సరుకు ఒకటే, కనపడే డెస్క్‌టాప్ వేరు. ఎక్స్ఎఫ్‌సీఈ అన్నిట్లోకి తేలిక. కింద స్టార్ట్ మెనూ, పక్కన టాస్క్‌బార్, విండోస్ 7 వాడినవాళ్ళకి కొత్తగా అనిపించదు, మా అక్కకి నేను ఏం నేర్పించలేదు. మింట్ 22 సిరీస్‌కి 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు వస్తాయి. రోజుకో కొత్త లైనక్స్ పేరు వినపడుద్ది, వాటి జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు, మీకు ఏదైనా ఆగిపోతే వెతకగానే జవాబు దొరికేది మింట్‌కి, ఉబుంటుకి.

3. పాత డిస్క్‌ని ముట్టుకోకండి

ఈ మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఇదే. పాత లాప్‌టాప్ స్లో అవ్వడానికి పెద్ద కారణం తిరిగే హార్డ్‌డిస్క్. అది వరసగా చదివేటప్పుడు సెకనుకి 100 ఎంబీ దాకా ఇచ్చినా, చిన్న చిన్న ఫైళ్ళు అక్కడొకటి ఇక్కడొకటి చదవాలంటే దాని సూది అటూ ఇటూ పరిగెత్తాలి కదా, అక్కడ చచ్చిపోద్ది. కంప్యూటర్ ఆన్ అవ్వడం, బ్రౌజర్ తెరుచుకోవడం అంటే అలాంటి చిన్న ఫైళ్ళే వేలల్లో. ఎస్ఎస్‌డీలో సూదీ లేదు, తిరగడమూ లేదు. లైనక్స్ వేసి హార్డ్‌డిస్క్ అలాగే ఉంచితే కొంచెం బాగుంటది, ఎస్ఎస్‌డీ కూడా పెడితే వేరే మెషిన్ అయిపోద్ది. 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ, 240 జీబీ చాలు, 120 దొరికినా సరిపోద్ది.

రెండో లాభం ఏంటంటే, పాత హార్డ్‌డిస్క్‌ని విండోస్‌తో, ఫోటోలతో సహా బయటికి తీసి పక్కన పెట్టేస్తారు. కొత్త ఎస్ఎస్‌డీ బిగించి దాంట్లో లైనక్స్ వేస్తారు. ఏది తేడా కొట్టినా పాత డిస్క్ మళ్ళీ బిగిస్తే నిన్నటి కంప్యూటర్ మీ ముందుంటది. ఇంతకంటే భద్రమైన పద్ధతి నాకు తెలీదు. లాప్‌టాప్ ఆపి, ఛార్జర్ తీసి, బ్యాటరీ ఊడేదైతే అదీ తీసి, అడుగున నాలుగు స్క్రూలు విప్పితే చాలా పాత మోడళ్ళలో డిస్క్ చేతికి వచ్చేస్తది. చెయ్యి ధైర్యం చెయ్యకపోతే షాపులో పది నిమిషాల పని. మూత తెరిచారు కాబట్టి ఫ్యాన్ దగ్గర దుమ్ము కూడా దులపండి, ప్రాసెసర్ వేడెక్కితే తనంతట తనే స్పీడ్ తగ్గించుకుంటది, అదీ ఒక స్లో.

ఇంకో చిట్కా. పాత లాప్‌టాప్‌లలో డీవీడీ డ్రైవ్ ఉంటది, ఎవరూ వాడరు. దాన్ని లాగేసి ఆ ఖాళీలో పాత హార్డ్‌డిస్క్ పెట్టుకోడానికి క్యాడీ అనే చిన్న డబ్బా దొరుకుద్ది. 9.5 ఎంఎం, 12.7 ఎంఎం అని రెండు మందాలు ఉంటాయి, డీవీడీ డ్రైవ్ మందం కొలిచి కొనండి. మా బావ అను టైపింగ్ సమస్య ఇలాగే తీరింది: లోపల ఎస్ఎస్‌డీలో మింట్, క్యాడీలో పాత డిస్క్ విండోస్‌తో అలాగే. పేపర్ టైప్ చెయ్యాల్సినప్పుడు ఆన్ చేస్తూ బూట్ మెనూ (ఏ డిస్క్ నుంచి ఆన్ అవ్వాలో అడిగే లిస్టు) కీ నొక్కి పాత డిస్క్ ఎంచుకుంటారు, ఆ విండోస్‌ని నెట్‌కి కలపరు. కొన్ని లాప్‌టాప్‌లు క్యాడీ నుంచి బూట్ అవ్వవు, అప్పుడు విండోస్ డిస్క్‌ని పాత చోటే ఉంచి ఎస్ఎస్‌డీని క్యాడీలో పెట్టి చూడాలి గానీ, అది కూడా కుదరకపోతే రెండిట్లో ఒకటి వదులుకోవాల్సిందే.

ఎస్ఎస్‌డీ కొనే పరిస్థితి లేకపోతే ఉన్న డిస్క్‌లోనే వెయ్యాలి. అప్పుడు మాత్రం బ్యాకప్ తప్పనిసరి. డెస్క్‌టాప్ మీదవి, డౌన్‌లోడ్స్‌లోవి, సి డ్రైవ్ కాకుండా మిగతా డ్రైవ్‌లలోవి, బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు, ఇవన్నీ బయట డిస్క్‌కి. తీశాక వేరే కంప్యూటర్‌లో పెట్టి ఫోటోలు నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) ఆన్‌లో ఉంటే ముందు దాన్ని ఆఫ్ చెయ్యండి, లేదా రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి.

4. పెన్‌డ్రైవ్ తయారీ

8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు, దాంట్లో ఉన్నదంతా పోద్ది కాబట్టి ఖాళీది తీస్కోండి. లైనక్స్ మింట్ సైట్‌లోకెళ్ళి ఎక్స్ఎఫ్‌సీఈ ఎడిషన్ ఐఎస్ఓ ఫైల్ (మొత్తం మింట్ ఒకే ఫైల్‌గా) దించండి, 3 జీబీకి అటూ ఇటూగా ఉంటది. ఫోన్ డేటా మీద రోజుకి ఒకటిన్నర, 2 జీబీ ప్యాక్ ఉన్నవాళ్ళు మామూలు డౌన్‌లోడ్ పెడితే సగంలో స్పీడ్ పడిపోయి మొత్తం మళ్ళీ మొదటికొస్తది. దానికి టొరెంట్ లింక్ కూడా అక్కడే ఉంది, ఆ లింక్ తీస్కుంటే ఇవాళ సగం రేపు సగం దించుకోవచ్చు, ఆగిన చోటి నుంచే మొదలవుద్ది. టొరెంట్ అంటే దొంగ సినిమాలే అనుకోవద్దు, లైనక్స్ వాళ్ళు వాళ్ళ ఫైళ్ళని వాళ్ళే టొరెంట్‌లో పెడతారు.

విండోస్‌లో రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్ దించండి, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు. తెరిచి, పైన డివైస్ దగ్గర మీ పెన్‌డ్రైవ్ పేరే ఉందా అని రెండుసార్లు చూడండి, పక్కన ఇంకో బయట డిస్క్ గుచ్చి ఉంటే అది తీసేయండి. సెలెక్ట్ నొక్కి ఐఎస్ఓ ఎంచుకోండి. సెలెక్ట్ పక్కన టిక్కు గుర్తు లాంటి బటన్ ఉంటది, అది నొక్కితే షా256 అని ఒక పొడుగాటి నంబర్ ఇస్తది, మింట్ సైట్‌లో ఇచ్చిన నంబర్‌తో అది కలవాలి, కలవకపోతే ఫైల్ సరిగ్గా దిగలేదని అర్థం. మొదటి ఆరు అక్షరాలు, చివరి ఆరు చూసినా తేడా తెలిసిపోద్ది. పార్టిషన్ స్కీమ్ దగ్గర ఎంబీఆర్ పెట్టండి, పాత బయోస్ మెషిన్లకి అదే కావాలి. స్టార్ట్ కొడితే ఐఎస్ఓ మోడ్‌నా డీడీ మోడ్‌నా అని అడుగుద్ది, మొదటిదే ఉంచండి. బూట్ అవ్వకపోతే అప్పుడు డీడీలో మళ్ళీ రాయండి.

5. పెన్‌డ్రైవ్ నుంచి ఆన్ చెయ్యడం

పెన్‌డ్రైవ్ గుచ్చి, ఆన్ బటన్ నొక్కిన వెంటనే బూట్ మెనూ కీని టకటకా కొడుతూ ఉండాలి, ఒక్కసారి నొక్కి ఆగితే కుదరదు. డెల్, లెనోవోలకి ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీకి ఎస్కేప్ కొట్టి తర్వాత ఎఫ్9, ఆసుస్ లాప్‌టాప్‌లకి ఎస్కేప్, ఏసర్‌కి ఎఫ్12 గానీ కొన్నిట్లో బయోస్‌లోకెళ్ళి ముందు ఆ ఎఫ్12 మెనూని ఎనేబుల్ చెయ్యాలి. లిస్టులో పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే మింట్ మెనూ వస్తది. స్క్రీన్ నల్లగా అయిపోయి అక్కడే ఉండిపోతే ఆపేసి మళ్ళీ ఆన్ చేసి ఆ మెనూలో కంపాటిబిలిటీ మోడ్ ఎంచుకోండి.

డెస్క్‌టాప్ వచ్చాక ఇన్‌స్టాల్ గుర్తు కనపడుద్ది. ఇప్పుడే నొక్కొద్దు! ఇది లైవ్ అంటారు, పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తోంది, మీ డిస్క్‌లో ఏమీ మారలేదు. ఒక గంట దీంట్లో తిరగండి. వైఫై దొరికిందా, యూట్యూబ్‌లో ఏదైనా పెట్టి సౌండ్ వస్తోందా, బ్రైట్‌నెస్ కీలు పనిచేస్తున్నాయా, టచ్‌ప్యాడ్, కెమెరా, ప్రింటర్, మూత మూసి తెరిస్తే మళ్ళీ మేలుకుంటోందా. మొదటి స్టెప్‌లో రాసిన కాగితం తీసి ఒక్కొక్కటీ చూడండి, మీతోపాటు ఆ కంప్యూటర్ రోజూ వాడేవాళ్ళని కూచోబెట్టి చూపించండి. స్పీడ్ మాత్రం ఇప్పుడు లెక్కలోకి తీస్కోవద్దు, పాత యూఎస్‌బీ పోర్ట్ నుంచి నడుస్తుంటే ఎవరైనా నెమ్మదే.

వైఫై దొరక్కపోతే కంగారు పడొద్దు. బ్రాడ్‌కామ్ చిప్పులున్న పాత లాప్‌టాప్‌లలో ఇది మామూలే. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యండి, మింట్‌కి అది వైరు నెట్‌లా కనపడుద్ది, వెంటనే పట్టుకుంటది. ఇన్‌స్టాల్ అయ్యాక డ్రైవర్ మేనేజర్ తెరిస్తే ఆ వైఫై డ్రైవర్ చూపిస్తది, అప్లై కొడితే చాలు.

నెట్ కలిసినా ఏ సైట్ తెరిచినా కనెక్షన్ సేఫ్ కాదు అని వస్తుంటే ముందు తేదీ చూడండి. ఏళ్ళ తరబడి పక్కన పడేసిన మెషిన్లలో మదర్‌బోర్డ్ మీద ఉండే గుండ్రటి బటన్ సెల్ అయిపోయి ఉంటది, ఆఫ్ చేసినప్పుడల్లా తేదీ ఎప్పటిదో పాతదానికి పోద్ది, అప్పుడు సైట్ల సర్టిఫికెట్లు చెల్లవు. డెస్క్‌టాప్‌లలో అది సీఆర్2032 సెల్, వాచీల షాపులో కూడా దొరుకుద్ది. ఇంత చిన్న సెల్ కోసం కంప్యూటర్‌నే తీసేసినవాళ్ళు ఉన్నారు, అందుకని మరీ చెప్తున్నా.

6. ఇన్‌స్టాల్

ఛార్జర్ పెట్టి ఉంచండి. ఇన్‌స్టాల్ గుర్తు నొక్కితే భాష అడుగుద్ది. తెలుగు కూడా ఉంటది, కానీ అన్నీ అనువాదం అయి ఉండవు, ఏదైనా వెతకాలన్నా ఇంగ్లీషు పేర్లు తెలిసుంటేనే సులువు, మొదటిసారి ఇంగ్లీషే పెట్టుకోండి. కీబోర్డ్ అలాగే వదిలేయండి. మల్టీమీడియా కోడెక్స్ అన్న దగ్గర టిక్కు పెట్టండి.

తర్వాత వచ్చే స్క్రీన్ దగ్గర మాత్రం ఆగి చదవండి. లోపల కొత్త ఎస్ఎస్‌డీ ఒక్కటే ఉంటే ఎరేజ్ డిస్క్ అండ్ ఇన్‌స్టాల్ ఎంచుకోండి, పోయేదేం లేదు. క్యాడీలో పాత డిస్క్ కూడా ఉంటే ఇన్‌స్టాల్ అయ్యేదాకా దాన్ని ఊడదీసి పక్కన పెట్టండి, పొరపాటున ఆ డిస్క్ ఎంచుకునే ప్రమాదమే ఉండదు, బూట్‌లోడర్ (ఆన్ చేసినప్పుడు సిస్టమ్‌ని మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్) కూడా దాని మీదికి పోదు. ఒకే డిస్క్‌లో విండోస్ పక్కన వెయ్యాలంటే ఇన్‌స్టాల్ అలాంగ్‌సైడ్ అని ఉంటది, దానికి ముందు విండోస్‌లోకెళ్ళి ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చేసి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కనీసం 40 జీబీ ఖాళీ చేసి రండి. సమ్‌థింగ్ ఎల్స్ అన్నదాంట్లోకి కొత్తవాళ్ళు వెళ్ళొద్దు. ఎన్‌క్రిప్షన్ అడిగితే పాత ప్రాసెసర్లలో స్పీడ్ తగ్గుద్ది, ఇంట్లోనే ఉండే మెషిన్ అయితే వదిలేయొచ్చు.

టైమ్ జోన్ కోల్‌కతా. పేరు, పాస్‌వర్డ్ ఇచ్చేయండి, పాస్‌వర్డ్ ఎక్కడైనా రాసి పెట్టుకోండి, ఏం ఇన్‌స్టాల్ చెయ్యాలన్నా అదే అడుగుద్ది. ఎస్ఎస్‌డీ అయితే పావుగంట, ఇరవై నిమిషాల్లో అయిపోద్ది. రీస్టార్ట్ అడిగినప్పుడు పెన్‌డ్రైవ్ తీసి ఎంటర్ కొట్టండి.

రెండూ ఉంచుకున్నవాళ్ళకి ఒక విచిత్రం ఎదురవుద్ది: లైనక్స్ నుంచి విండోస్‌లోకి వెళ్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి చూపిస్తది. చెడిపోలేదు. లైనక్స్ మదర్‌బోర్డ్ గడియారంలో గ్రీనిచ్ టైమ్ రాస్తది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటది. విండోస్‌లో నెట్ ఉంటే టైమ్ సెట్టింగ్స్‌లో సింక్ నౌ కొట్టండి, సరైపోద్ది.

7. మొదటి రోజు చేస్కోవాల్సినవి

అప్‌డేట్ మేనేజర్ తెరవండి. ముందు మిర్రర్‌ని (అప్‌డేట్లు దించుకునే సర్వర్‌ని) మన దేశానికి దగ్గరది పెట్టుకోమంటది, పెట్టుకోండి, ఎక్కడో దూరం నుంచి దించుకోవడం కంటే వేగం. మొదటి అప్‌డేట్ కొన్ని వందల ఎంబీ ఉంటది, ఫోన్ డేటా అయితే చూస్కొని చెయ్యండి. తర్వాత డ్రైవర్ మేనేజర్, దాంట్లో ఏమీ చూపించకపోతే ఏమీ అవసరం లేదని అర్థం, అంతే. పాత ఎన్‌విడియా కార్డులకి కొత్త డ్రైవర్లు ఉండవు, లైనక్స్‌తో వచ్చిన దాంతోనే సర్దుకుపోవాలి.

ఏదైనా సాఫ్ట్‌వేర్ కావాలంటే గూగుల్‌లో వెతికి ఈఎక్స్ఈ దించే అలవాటు మానేయాలి, ఇది మొదట్లో అందరికీ కష్టమే. సాఫ్ట్‌వేర్ మేనేజర్ తెరిచి అక్కడ పేరు కొట్టండి, ఫోన్‌లో ప్లే స్టోర్ లాంటిదే. ఒకే సాఫ్ట్‌వేర్ సిస్టమ్ ప్యాకేజీగా, ఫ్లాట్‌ప్యాక్‌గా రెండు రకాలుగా కనపడితే పాత మెషిన్‌లో సిస్టమ్ ప్యాకేజీనే తీస్కోండి, ఫ్లాట్‌ప్యాక్‌లు డిస్క్ చాలా తింటాయి.

4 జీబీ అంతకంటే తక్కువ ఉన్నవాళ్ళు సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనో, అలాంటిదే అయిన సినాప్టిక్‌లోనో జెడ్‌ర్యామ్ కాన్ఫిగ్ అనే ప్యాకేజీ వేస్కోండి. అది ర్యామ్‌లో వాడకంలో లేని భాగాన్ని నొక్కి కుదించి పెడుతుంది, అంటే బీరువాలో బట్టలు మడతపెట్టినట్టు, అదే ర్యామ్‌లో ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. అలాగే విండో మేనేజర్ ట్వీక్స్‌లో కంపోజిటర్ అని ఉంటది, అది ఆపేస్తే నీడలు, మెరుపులు పోతాయి, మెషిన్ తేలికవుద్ది.

ఇక బ్రౌజర్. ఇక్కడ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి: లైనక్స్ తేలికైనా వెబ్‌సైట్లు తేలిక కావు. మా లాప్‌టాప్‌లో మింట్ ఖాళీగా ఉన్నప్పుడు 800 ఎంబీ దగ్గర ఉంటది, అదే ఫైర్‌ఫాక్స్‌లో ఐదారు ట్యాబ్‌లు తెరిస్తే రెండున్నర జీబీ దాటిపోద్ది. కాబట్టి యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ వేస్కోండి, యాడ్‌లు ఆగితే సగం బరువు దిగుద్ది. యూట్యూబ్ ఆగి ఆగి వస్తుంటే కారణం ఏంటంటే, యూట్యూబ్ ఇప్పుడు ఎక్కువగా వీపీ9 అనే పద్ధతిలో వీడియో పంపిస్తది, మూడో జనరేషన్ ఇంటెల్ గ్రాఫిక్స్‌కి అది రాదు, హెచ్264 మాత్రమే వచ్చు, అప్పుడు భారమంతా ప్రాసెసర్ మీద పడుద్ది. హెచ్264ఇఫై అనే ఎక్స్‌టెన్షన్ వేస్తే యూట్యూబ్ హెచ్264లోనే పంపిస్తది. మా మేనకోడలి క్లాసులు ఆ ఒక్కదాంతో సాఫీగా నడిచాయి. 480పీ పెట్టుకుంటే ఆ స్క్రీన్ మీద బోర్డు మీది లెక్కలు చక్కగా కనపడతాయి, 1080 అవసరం లేదు.

8. తెలుగు

చదవడానికి ఏం చెయ్యక్కర్లేదు, తెలుగు ఫాంట్ ముందే ఉంటది. టైపింగ్‌కి రెండు దారులు. ఇన్‌స్క్రిప్ట్ (ఒక్కో కీకి ఒక తెలుగు అక్షరం ఉండే కీబోర్డ్ పద్ధతి) వచ్చినవాళ్ళు కీబోర్డ్ సెట్టింగ్స్‌లో లేఅవుట్ ట్యాబ్‌లో ఇండియన్ కింద తెలుగు కలుపుకుంటే అయిపోయింది. ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు రప్పించేవాళ్ళు మెనూలో ఇన్‌పుట్ మెథడ్ తెరిచి ఐబస్ (వేరే భాషలు టైప్ చేయించే ప్రోగ్రామ్) పెట్టుకోండి, దానితోపాటు ఐబస్ ఎం17ఎన్ ప్యాకేజీ వేసి, ఒకసారి లాగ్ఔట్ అయి మళ్ళీ లోపలికి రండి. అప్పుడు ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు కింద ఐట్రాన్స్, ఆర్‌టీఎస్, పోతన అన్నీ కనపడతాయి. నేను వాడేది ఆర్‌టీఎస్, హ్యూస్టన్‌లో రైస్ యూనివర్సిటీలో ఉన్న తెలుగువాళ్ళు చేసిన పద్ధతి అది, ఆర్‌టీఎస్‌లో ఆర్ అంటే ఆ రైసే. విండోస్ కీ, స్పేస్ కలిపి కొడితే తెలుగు, మళ్ళీ కొడితే ఇంగ్లీషు.

విండోస్‌లో గౌతమి ఫాంట్‌తో చేసిన వర్డ్ ఫైల్ ఇక్కడ తెరిస్తే ఆ ఫాంట్ ఉండదు కాబట్టి వేరేది వేసి చూపిస్తది, లైన్లు అటూ ఇటూ జరుగుతాయి, రెండు పేజీలది మూడు పేజీలు అవ్వచ్చు. అక్షరాలు ఏం పోవు. పోతన, రామభద్ర, మండలి లాంటి ఉచిత ఫాంట్లు వేస్కుని అవే వాడుకుంటే రెండు చోట్లా ఒకేలా ఉంటది. ప్రింటుకి బయట షాపుకి ఇచ్చేటప్పుడు మాత్రం పీడీఎఫ్ చేసే ఇవ్వండి. అను ఫాంట్స్‌లో ఎప్పుడో టైప్ చేసిన ఫైళ్ళు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే పద్ధతి) కాదు, అవి ఇక్కడ పిచ్చి ఇంగ్లీషు అక్షరాల్లా కనపడతాయి, వాటిని ఉన్నవి ఉన్నట్టు తెరవాలంటే పాత విండోసే దిక్కు.

9. టైమ్‌షిఫ్ట్

అన్నీ సరిగ్గా ఉన్నాయి అనుకున్న రోజున టైమ్‌షిఫ్ట్ తెరిచి ఒక స్నాప్‌షాట్ తీయండి. ఆ రోజు సిస్టమ్ ఎలా ఉందో అలా దాచిపెడుతుంది, తర్వాత ఏ అప్‌డేట్ వల్లో మీరేదో కెలికినందువల్లో పాడైతే వెనక్కి తెచ్చుకోవచ్చు. రెండు మూడు కంటే ఎక్కువ దాచమని పెట్టొద్దు, 120 జీబీ ఎస్ఎస్‌డీ అయితే నిండిపోద్ది. ఇది సిస్టమ్‌కే, మీ ఫోటోలు, ఫైళ్ళు దీంట్లోకి రావు, వాటిని విడిగా బయట డిస్క్‌కి కాపీ చేస్కోవాలి, నెలకోసారి అని ఒక తేదీ పెట్టుకోండి.

మింట్ రాసిన ఆ పెన్‌డ్రైవ్‌ని చెరిపేసి పాటలు ఎక్కించకండి. ఎప్పుడైనా లాప్‌టాప్ అసలు డెస్క్‌టాప్ దాకా రాకపోతే దాంతోనే లైవ్‌లోకి వెళ్ళి, అక్కడున్న టైమ్‌షిఫ్ట్‌తోనే పాత స్నాప్‌షాట్‌ని తిరిగి తెచ్చుకోవాలి. మాది పెన్‌డ్రైవ్‌కి దారం కట్టి, మింట్ అని, వేసిన తేదీ రాసి, లాప్‌టాప్ బ్యాగ్ లోపలి జేబులో పెట్టి ఉంచాం.